గేమ్ షో నెట్‌వర్క్: అప్పటి ఛానెల్ ఏమైపోయింది?

గోదారిగట్టు (శనివారం రాత్రి 10:40)

1998 ఆగస్టులో న్యూజెర్సీలో దిగాను. ఒక అపార్ట్‌మెంట్లో నలుగురం, ఒకటే టీవీ, అదీ గరాజ్ సేల్‌లో కొన్నది. నాది సెకండ్ షిఫ్ట్. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటేది, మిగతా ముగ్గురూ పడుకునేవాళ్లు. కుక్కర్లో మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకుని, సౌండ్ బాగా తగ్గించి టీవీ ముందు కూర్చునేవాణ్ణి. రూమ్మేట్ డిష్ పెట్టించాడు కాబట్టి గేమ్ షో నెట్‌వర్క్ వచ్చేది. ఆ టైంకి అందులో బ్లాక్ అండ్ వైట్ షోలు వేసేవాళ్లు.

మొదటిసారి 'వాట్స్ మై లైన్?' అక్కడే చూశాను. ఒక మనిషి వచ్చి బోర్డు మీద సుద్దముక్కతో పేరు రాసి కూర్చుంటాడు. ఆయన చేసే పనేమిటో నలుగురు ప్యానెల్ వాళ్లు కనిపెట్టాలి. ఔను, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగాలి. ఒక్కో 'కాదు'కి 5 డాలర్లు. పది 'కాదు'లు పడితే ఆట ముగిసినట్టే, అంటే ఎంత గొప్పగా ఆడినా 50 డాలర్లే. ఆ డబ్బు కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆర్లీన్ ఫ్రాన్సిస్ ఒక ప్రశ్న వేస్తే, బెన్నెట్ సెర్ఫ్ దాన్ని పట్టుకుని ఇంకో మెలిక తిప్పి అడిగేవాడు. మన ఇళ్లల్లో భోజనాలయ్యాక అరుగు మీద పొడుపు కథలు వేసుకున్నట్టుండేది.

చివర్లో పేరున్న వాళ్లు వచ్చేవాళ్లు. అప్పుడు ప్యానెల్ కళ్లకు గంతలు. 1957లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చిన ఎపిసోడ్ చాలామంది చూసే ఉంటారు. ఏమడిగినా ఆయన 'యెస్' అంటాడు. హోస్ట్ జాన్ డేలీ పాపం మధ్యలో కలగజేసుకుని సర్ది చెప్పాల్సి వస్తుంది. నేను ఇంగ్లీష్‌లో మాట్లాడటం, ముఖ్యంగా మర్యాదగా ప్రశ్న అడగటం, నేర్చుకుంది ఆఫీసులో కాదు, ఆ అర్ధరాత్రి ప్యానెల్ దగ్గర.

తర్వాత పెళ్లి, పిల్లలు, ఇల్లు మారడం. కేబుల్ తీసేసి చాలా ఏళ్లయింది. పోయిన వారం ఆఫీసు పని మీద వెళ్లి హోటల్లో దిగితే ఆ ఛానెల్ తగిలింది. సాయంత్రం ఆరింటికి పెట్టాను, రెండు కుటుంబాలు పోటీపడే 'ఫ్యామిలీ ఫ్యూడ్'. ఏడింటికీ అదే. భోజనం చేసి వచ్చినా అదే. నిద్ర పట్టక ఒంటిగంటకి మళ్లీ పెట్టాను, అప్పుడూ ఆ షో హోస్ట్ స్టీవ్ హార్వీయే. బ్లాక్ అండ్ వైట్ షో ఒక్కటీ లేదు. సొంతవాళ్ల ఇల్లు అమ్ముడుపోయిందని తెలియక వెళ్లి తలుపు కొట్టినట్టయింది.

ఇది ఎప్పుడు మారింది? ఎందుకు మారింది? ఆ పాత షోలు ఎక్కడికి పోయాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరేడియో (శనివారం రాత్రి 11:55)

గోదారిగట్టు గారూ, మీరు మంచి టైంలో దిగారు. ఒక ఆరు నెలల ముందు వచ్చి ఉంటే ఆ షో మీకు కనిపించేదే కాదు. ఎందుకో చెప్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త పొడుగు రాస్తే ఏమనుకోకండి.

ఛానెల్ మొదలైంది 1994 డిసెంబర్ 1న. వెనక ఉన్నది సోనీ. సోనీ చేతిలో అప్పటికే బోలెడు షోలున్నాయి: 'జెపర్డీ', 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్', 'పిరమిడ్', 'టిక్ ట్యాక్ డో', 'జోకర్స్ వైల్డ్', చక్ బ్యారిస్ తీసిన 'గాంగ్ షో', 'న్యూలీవెడ్ గేమ్', 'డేటింగ్ గేమ్'. అయితే ఛానెల్‌కి ప్రాణం వచ్చింది మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ కంపెనీ లైబ్రరీతో. 'వాట్స్ మై లైన్?', 'ఐ హావ్ గాట్ ఎ సీక్రెట్', 'టు టెల్ ద ట్రూత్', 'పాస్‌వర్డ్', 'మ్యాచ్ గేమ్', 'కార్డ్ షార్క్స్', 'ఫ్యామిలీ ఫ్యూడ్' అన్నీ వాళ్లవే.

అసలు ఆ ఫిల్ములు మిగలడమే గొప్ప. అప్పట్లో షో లైవ్‌గా వెళ్లిపోయేది. మానిటర్ ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన కాపీయే ఆధారం, దాన్ని కినెస్కోప్ అంటారు. పని అయ్యాక వాటిని పారేసేవాళ్లు. 'వాట్స్ మై లైన్?' తొలి రెండేళ్ల ఎపిసోడ్లు చాలావరకు అలాగే పోయాయి. సంగతి తెలిసి 1952లో గుడ్‌సన్, టాడ్‌మన్ తమ డబ్బు పెట్టి ప్రతి ఎపిసోడ్‌కీ కాపీ తీయించడం మొదలుపెట్టారు. ఆ ఖర్చు వాళ్లు పెట్టబట్టే మీరు పెరుగన్నం తింటూ చూడగలిగారు. ఆ జాగ్రత్త అందరికీ లేదు. 1964 నుంచి 1975 దాకా ఆర్ట్ ఫ్లెమింగ్ నడిపిన తొలి 'జెపర్డీ'లో మిగిలినవి చాలా కొద్ది. టేపు ఖరీదని, ఉన్నదాని మీదే వేరే ప్రోగ్రాములు రికార్డు చేసేశారు.

ఇక 1997 అక్టోబర్లో గుడ్‌సన్-టాడ్‌మన్ షోల లైసెన్సు చేజారింది. ఒక్క రాత్రిలో ఛానెల్ సగం ఖాళీ అయింది. 1998 ఏప్రిల్లో మళ్లీ ఒప్పందం కుదిరి వెనక్కి వచ్చాయి. ఆ ఆరు నెలల్ని అమెరికన్ అభిమానులు ఇప్పటికీ 'డార్క్ పీరియడ్' అంటారు. మీరు ఆగస్టులో వచ్చారు, అంటే దీపాలు వెలిగాక నాలుగు నెలలకి.

నా అభిప్రాయం, ఇప్పుడు మీరు చూసిన దానికి బీజం అప్పుడే పడింది. తన దగ్గరున్న సరుకు తనది కాదని, అద్దెదని ఛానెల్‌కి ఆ ఆరు నెలల్లో తెలిసొచ్చింది. ఆ తర్వాత సొంత షోల మీద పట్టుదల పెరిగింది.

రాత్రిషిఫ్ట్ (ఆదివారం ఉదయం 8:10)

అన్నలకి నమస్తే. నేను 2004లో వచ్చాను, కాబట్టి నాకు తెలిసిన ఛానెల్ వేరు. నేను వచ్చిన ఏడాదే మార్చిలో పేరు కూడా మార్చారు. గేమ్ షో నెట్‌వర్క్ పోయి 'జీఎస్ఎన్, ద నెట్‌వర్క్ ఫర్ గేమ్స్' అయింది. 'షో' అన్న మాటే తీసేశారు. అంటే ఆట ఏదైనా మాదే అని. 'వరల్డ్ సిరీస్ ఆఫ్ బ్లాక్‌జాక్', 'ఎక్స్‌ట్రీమ్ డాడ్జ్‌బాల్', గుర్రప్పందాల మీద ఒక రియాలిటీ షో, 'అమేజింగ్ రేస్', 'ద మోల్' రీరన్లు, అన్నీ ఒకదాని మీద ఒకటి.

పాత అభిమానులు ఆ రోజుల్ని తిట్టుకుంటారని తెలుసు. కానీ నాకు మాత్రం 2006లో మొదలైన 'హై స్టేక్స్ పోకర్' మించిన షో టీవీలో లేదు. ఆడేవాళ్లు కనీసం లక్ష డాలర్ల సొంత డబ్బుతో కూర్చోవాలి. టోర్నమెంట్ కాదు, అసలు సిసలు క్యాష్ గేమ్. టేబుల్ మీద నోట్ల కట్టలు కట్టలుగానే ఉండేవి. గేబ్ కాప్లన్ కామెంటరీ ఎంత నెమ్మదిగా, ఎంత తెలివిగా ఉండేదో! ఆయన చెప్పేది వింటూ ఎదుటివాడి మొహం ఎలా చదవాలో నేర్చుకున్నాను. డబ్బు పెట్టి ఎప్పుడూ ఆడలేదు, ఇంట్లోవాళ్లు ఈ థ్రెడ్ చూస్తే కంగారు పడొద్దు.

అప్పుడు దేశమంతా పోకర్ జ్వరం. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్లో క్వాలిఫై అయ్యి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ గెలిచాడు. ప్రతి ఛానెలూ పోకర్ వెనక పడింది. జీఎస్ఎన్‌కి కుర్రాళ్లు, మగవాళ్లు చూడాలని ఆశ. దాంట్లో తప్పేముంది?

పాతరేడియో (ఆదివారం ఉదయం 9:30)

తప్పేమీ లేదు తమ్ముడూ. ఆ పోకర్ షో బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. నా బాధల్లా ఆశ మారిన ప్రతిసారీ అలమర మొత్తం ఖాళీ చేయడం మీదే. 2006, 2007లో రాత్రిళ్లు 'ప్లేమేనియా' అని లైవ్ కాల్-ఇన్ షో పెట్టారు. జనం ఫోన్లు చేసి పజిల్ విప్పాలి. సుమారు ఏడాదిన్నరకే మూసేశారు. అర్ధరాత్రి నిద్ర పట్టని మనిషికి కావాల్సింది ఎవరో కేకలు వేసి ఫోన్ చేయమనడం కాదు కదా.

డాలస్అమ్మమ్మ (ఆదివారం మధ్యాహ్నం 1:05)

బాబూ, మీరందరూ పాతవి పోయాయని బాధపడుతున్నారు. నా సంగతి కూడా రాస్తాను. నా మనవరాలు టైపు చేయడం నేర్పింది, తప్పులుంటే మన్నించండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2006లో మా అమ్మాయి పురిటికి డాలస్ వచ్చాను. వాళ్లు ఆఫీసులకి వెళ్తే నేనూ, పసిపిల్లా. నాకు ఇంగ్లీష్ చదవడం వచ్చు, టీచర్ ట్రైనింగ్ చేశాను కూడా. మాట్లాడితే మాత్రం అర్థమయ్యేది కాదు. సీరియల్ పెడితే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. వార్తలు మరీ వేగం. అప్పుడు 'లింగో' కనిపించింది.

అయిదక్షరాల పదం కనిపెట్టాలి. మొదటి అక్షరం వాళ్లే ఇస్తారు. అయిదు ప్రయత్నాలు. అక్షరం సరైన చోట ఉంటే ఎర్ర చతురస్రం, పదంలో ఉండి చోటు తప్పితే పసుపు గుండ్రం. చక్ వూలరీ అని పెద్దాయన నడిపేవాడు, ఎంతో నింపాదిగా మాట్లాడేవాడు. నాకు అర్థమైన మొదటి అమెరికా గొంతు ఆయనదే. మొన్నామధ్య 'వర్డల్' అని అందరూ ఫోన్లలో ఆడుతుంటే, ఇది నేను పదిహేనేళ్ల కిందటే ఆడానని మనవరాలికి చెప్పాను. నమ్మలేదు, యూట్యూబ్‌లో చూపిస్తే నోరు తెరిచింది.

దాని తర్వాత 'చెయిన్ రియాక్షన్' వచ్చేది. పదాల గొలుసు. ఒక పదం పక్కదానితో జత కుదరాలి. రేస్, కార్, పార్క్, బెంచ్, ఇట్లా. రేస్ కార్, కార్ పార్క్, పార్క్ బెంచ్. మన గొలుసుకట్టు ఆట లాంటిదే. నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎడమ పక్క వాళ్లు చెప్పిన జత, కుడి పక్క తెలుగులో అర్థం. తెలియనివి సాయంత్రం అల్లుణ్ణి అడిగేదాన్ని. 'డెడ్‌లైన్', 'స్మాల్ టాక్', 'కోల్డ్ ఫీట్' అన్నీ ఆ నోట్‌బుక్ లోవే. కోల్డ్ ఫీట్ అంటే కాళ్లకి చలి అనుకుని మేజోళ్లు అని రాసుకున్నాను, చివర్లో భయపడి వెనకడుగు వేయడమని అల్లుడు సరిదిద్దాడు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది, నూట ముప్పై పేజీలు నిండాయి.

మీరంటున్న పాత బ్లాక్ అండ్ వైట్ షోలు నేను ఎరగను. కానీ నాకు ఈ దేశంలో భాష ఇచ్చింది వాళ్ల కొత్త షోలు. అందుకని కొత్తవన్నీ చెత్త అని మాత్రం అనకండి.

గోదారిగట్టు (ఆదివారం మధ్యాహ్నం 2:20)

అమ్మమ్మ గారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నా అర్ధరాత్రి ప్యానెల్, మీ మధ్యాహ్నం 'లింగో', రెండూ ఒకే పని చేశాయి. కొత్తవి చెత్త అని నేను అనను. ఒక్కటే షో రోజంతా వేయడం గురించే నా బాధ. మీరు చెప్పిన 'లింగో', 'చెయిన్ రియాక్షన్' కూడా నాకు హోటల్లో కనిపించలేదు.

వీలైతే ఆ నోట్‌బుక్ ఒక పేజీ ఫొటో పెట్టండి.

లెక్కలమాస్టారు (ఆదివారం సాయంత్రం 6:45)

నేను పదకొండేళ్లు ప్రకటనల కొనుగోలు పనిలో ఉన్నాను, ఈ ఛానెల్లో కాదు. ఎందుకు మారింది అన్న ప్రశ్నకి ఆ వైపు నుంచి జవాబు రాస్తాను.

కేబుల్ ఛానెల్‌కి ఆదాయం రెండు దార్లలో వస్తుంది. కేబుల్ కంపెనీ ఒక్కో ఇంటికి నెలకి ఇంత అని ఇచ్చేది ఒకటి. ప్రకటనలు రెండోది. ప్రకటనల వాళ్లు 18 నుంచి 49 ఏళ్ల వాళ్లకి ఎక్కువ ధర కడతారు. అరవై దాటినవాళ్లు ఎంతమంది చూసినా ధర పెరగదు. పాత షోలు చూసేవాళ్లలో ఎక్కువమంది ఆ అరవై దాటినవాళ్లే. 2004లో పోకర్ వైపు పరుగు అందుకే.

అది పెద్దగా ఫలించలేదు. ఆ ఛానెల్‌ని నిలబెట్టింది ఎప్పుడూ ఆడవాళ్లూ, ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్లే. దీనికి కోర్టు కేసు లాంటి సాక్ష్యం ఉంది. 2011లో కేబుల్‌విజన్ అనే కేబుల్ కంపెనీ ఈ ఛానెల్‌ని తీసి స్పోర్ట్స్ ప్యాకేజీలో పెట్టింది. మాది ఆడవాళ్లు చూసే ఛానెల్, మీ సొంత 'వీ టీవీ' లాంటిదే, మమ్మల్ని కావాలని తోసేశారు అని జీఎస్ఎన్ ఎఫ్‌సీసీకి, అంటే ప్రసారాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ కమిషన్‌కి, ఫిర్యాదు చేసింది. అయిదేళ్లు నలిగి 2016లో అక్కడి జడ్జి జీఎస్ఎన్ వైపు తీర్పిచ్చారు. 2017లో కమిషన్ దాన్ని తిరగదోసింది. కుర్రాళ్ల కోసం పేరే మార్చుకున్న ఛానెల్, ఏడేళ్లకి మా ప్రేక్షకులు ఆడవాళ్లు అని ప్రమాణాలు చూపించాల్సి వచ్చింది.

పోకర్ మోజు తర్వాత దారి సరిచేసుకున్నారు. 2009లో 'న్యూలీవెడ్ గేమ్' కొత్తగా తీశారు. 2012లో హాస్యనటుడు జెఫ్ ఫాక్స్‌వర్తీతో 'అమెరికన్ బైబిల్ ఛాలెంజ్' వచ్చింది. గెలిచిన డబ్బు జట్లు ఎంచుకున్న సేవాసంస్థలకి వెళ్లేది. అప్పటిదాకా ఆ ఛానెల్లో అంతమంది చూసిన షో లేదు. 2013లో 'ద చేజ్'.

ఇక ఫ్యూడ్ సంగతి. స్టీవ్ హార్వీ 2010లో హోస్ట్ అయ్యాక ఆ షో దశ తిరిగింది. అరగంటలో మొదలై అరగంటలో అయిపోతుంది. ముందు ఎపిసోడ్ చూడక్కర్లేదు. మధ్యలో పెట్టినా అర్థమవుతుంది. వంట చేస్తూ వినొచ్చు. తాతా మనవడూ కలిసి కూర్చుంటారు. చూసినదే మళ్లీ చూసినా జనం నవ్వుతారు. అలాంటిది దొరికాక, ఒక గంట తీసి వేరేది పెట్టిన ప్రతిసారీ అంకెలు పడిపోతాయి. షెడ్యూలు వేసేవాడి చేతిలో రోజూ పొద్దున ఆ అంకెల కాగితం ఉంటుంది. వాడు దుర్మార్గుడు కాదు. ఒక్కో గంట మారుస్తూ పోతాడు, కొన్నేళ్లకి చూస్తే రోజంతా అదే.

ఓరుగల్లు (ఆదివారం రాత్రి 9:00)

అందరూ పాతవాటిని దేవుడి పటాల్లెక్క చూస్తున్నరు. నేను చెప్పేది వేరే. ఆ బ్లాక్ అండ్ వైట్ ప్యానెల్ చూడండి. కూర్చున్నది దాదాపు ఎప్పుడూ తెల్లవాళ్లే. సూట్లు, ముత్యాల హారాలు, న్యూయార్క్ పెద్దింటి మాట తీరు. నల్లజాతి వాళ్లు అతిథిగా రావడమే తప్ప ఆ నాలుగు కుర్చీల్లో ఒకటి వాళ్ల సొంతం కాలేదు. కొన్ని షోల్లో సిగరెట్ కంపెనీ పేరు టేబుల్ మీదే ఉంటుంది.

1976లో 'ఫ్యామిలీ ఫ్యూడ్' మొదలైనప్పుడు రిచర్డ్ డాసన్, తర్వాత ఇంకో నలుగురు హోస్టులు. మొదటి నల్లజాతి హోస్ట్ స్టీవ్ హార్వీ. ఇవాళ ఆ షోలో అన్ని రంగుల కుటుంబాలు వస్తున్నయి. రోజంతా అదే నడుస్తుందంటే, అమెరికా ఇళ్లల్లో రోజంతా ఒక నల్లజాతి పెద్దమనిషి నవ్విస్తున్నడు అని కూడా అర్థం. నా కొడుకు ఇక్కడే పుట్టిండు, వాడి క్లాస్‌మేట్ కుటుంబం అందులో ఆడింది. వాడికి ఆ టీవీ తనది. మీ 'వాట్స్ మై లైన్?' వాడికి మ్యూజియం.

గోదారిగట్టు (ఆదివారం రాత్రి 10:15)

ఓరుగల్లు అన్నా, మీరన్నది నిజం, దాన్ని కాదనను. ఇంత సూటిగా చెప్పినందుకు సంతోషం. నేను ఆ రోజుల్లో సంభాషణ చూశాను గానీ కుర్చీల్లో ఎవరు లేరో చూడలేదు.

అయినా మ్యూజియం కావాలి కదా. 'ఐ హావ్ గాట్ ఎ సీక్రెట్' అని ఒక షో ఉందని నాకు తెలిసింది ఈ ఛానెల్ వల్లే. అందులో 1956 నాటి ఒక ఎపిసోడ్ తర్వాత ఇంటర్నెట్‌లో చూశాను. శామ్యూల్ సీమర్ అనే 95 ఏళ్ల ముసలాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. కొద్దిరోజుల ముందే కింద పడ్డాడట, కన్ను దగ్గర వాపు. ఆయన రహస్యం ఏమిటంటే, లింకన్‌ని జాన్ విల్క్స్ బూత్ కాల్చినప్పుడు ఆయన ఆ థియేటర్లో ఉన్నాడు. 1865లో అయిదేళ్ల పిల్లాడు. ఎవరు ఎవర్ని కాల్చారో ఆ పిల్లాడికి తెలియదు. పైనుంచి ఒకాయన దూకి పడ్డాడే, పాపం దెబ్బ తగిలిందేమో అని బూత్ గురించే బెంగపడ్డాడట. హోస్ట్ గ్యారీ మూర్ ఆయనకి 80 డాలర్లు ఇచ్చి, స్పాన్సర్ సిగరెట్లు ఆయన తాగడని తెలిసి పైపు పొగాకు డబ్బా ఇస్తాడు. రెండు నెలలకి ఆయన పోయాడు.

లింకన్ హత్య చూసిన కళ్లు టీవీ కెమెరాలోకి చూడటం ఆ షోలో ఉంది. మీరన్న పొగాకు కంపెనీ పేరూ అక్కడే ఉంది. రెండూ మీ అబ్బాయికి కనిపించాలి అనే నేను అనేది. మంచీ చెడూ కలిసే ఉంటుంది ఆ ఫిల్ములో.

ఓరుగల్లు (ఆదివారం రాత్రి 10:50)

ఇప్పుడే చూసిన అన్నా. మావాణ్ణి పిలిచి మళ్లీ పెట్టిన. వాడు వెనక్కి తిప్పి రెండుసార్లు చూసిండు. ఈ ఒక్కదానికి ఒప్పుకుంటున్న.

బెంగళూరుబస్సు (సోమవారం ఉదయం 7:20, బెంగళూరు టైం)

అమెరికా ఎప్పుడూ రాలేదు, ఆ ఛానెల్ టీవీలో చూడలేదు. కానీ మొబైల్ గేమ్స్ పనిలో ఉన్నాను కాబట్టి ఒక సంగతి కలుపుతాను. మా వాళ్లకి జీఎస్ఎన్ అంటే టీవీ కాదు, ఫోన్లో గేమ్. 2014లో వాళ్లు బ్యాష్ గేమింగ్‌ని కొన్నారు, 'బింగో బ్యాష్' తీసింది వాళ్లే. ఆ కంపెనీ పని చాలావరకు బెంగళూరులోనే జరిగేది. అమెరికాలో ముసలమ్మలు ఆడే బింగోకి ఇక్కడ కోరమంగల వైపు కుర్రాళ్లు రాత్రిళ్లు కూర్చుని బగ్గులు సరిచేసేవాళ్లు. 2021లో సోనీ ఆ గేమ్స్ విభాగాన్ని స్కోప్లీ అనే గేమ్స్ కంపెనీకి 100 కోట్ల డాలర్లకి అమ్మేసింది.

పోల్చి చూడండి. 2019లో ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ దగ్గరున్న 42 శాతం వాటాని సోనీ వెనక్కి కొన్నప్పుడు, డివిడెండ్లతో కలిపి సుమారు 50 కోట్ల డాలర్లన్నారు. ఆ వాటాలో ఛానెలూ, గేమ్సూ రెండూ కలిసే ఉన్నాయి. ఆ లెక్కన మొత్తం సుమారు 120 కోట్లు, రెండేళ్లకి అందులో ఒక్క గేమ్స్ విభాగమే 100 కోట్లు పలికింది. టీవీ మీద వాళ్లెందుకు ఎక్కువ ఖర్చు పెట్టరో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

పాతరేడియో (సోమవారం రాత్రి 8:30)

ఈ సంగతి నాకు పనికొచ్చింది, థాంక్స్.

గోదారిగట్టు గారి మూడో ప్రశ్న మిగిలిపోయింది, పాతవి ఎక్కడికి పోయాయని. గుడ్‌సన్-టాడ్‌మన్ లైబ్రరీ ఇప్పుడు ఫ్రీమాంటిల్‌ది. వాళ్లు 2015 జూన్ 1న 'బజర్' అని సొంత ఛానెల్ పెట్టుకున్నారు. కేబుల్ అక్కర్లేదు, చాలా ఊళ్లలో మామూలు యాంటెన్నాకే వస్తుంది. అంటే అద్దె సరుకు ఓనరు దగ్గరికి వెళ్లిపోయింది. 1997లో భయపడ్డదే నెమ్మదిగా, గొడవ లేకుండా జరిగింది.

జీఎస్ఎన్‌ని నేను క్షమించేది ఒక్క కారణంతో. 2003లో వాళ్లు మైకేల్ లార్సన్ మీద రెండు గంటల డాక్యుమెంటరీ తీశారు. ఒహాయోలో ఐస్‌క్రీమ్ బండి నడిపే మనిషి. 'ప్రెస్ యువర్ లక్' బోర్డు మీద 18 గళ్లుంటాయి, లైటు వాటి మీద గెంతుతూ ఉంటుంది, బజర్ నొక్కితే ఆగుతుంది. 'వామ్మీ' బొమ్మ మీద ఆగితే డబ్బంతా పోతుంది. లైటు ఎటు పడితే అటు తిరుగుతోందని అందరూ అనుకున్నారు. ఈయన వీసీఆర్‌లో రికార్డు చేసి, ఒక్కో ఫ్రేము ఆపుతూ చూసి, అది అయిదే వరసల్లో తిరుగుతోందని కనిపెట్టాడు. రెండు గళ్ల మీద వామ్మీ ఎప్పుడూ రాదని కూడా పట్టాడు. 1984లో వెళ్లి 1,10,237 డాలర్లు గెలిచాడు. ఆయన మొహం చూడాలి మీరు. మిగతా ఆటగాళ్లు లైటు ఆగాక సంబరపడతారు. ఈయన ఆగకముందే చప్పట్లు మొదలుపెడతాడు.

మోసం కాదు కాబట్టి డబ్బు ఇచ్చేశారు. తర్వాత బోర్డులో వరసలు పెంచారు. అప్పటి హోస్ట్ పీటర్ టోమార్కెన్‌నే పిలిచి ఆ కథ చెప్పించారు. చేతిలో ఉన్న పాత టేపుని తీసి, దుమ్ము దులిపి, దాని కథ చెప్పడం. ఆ ఛానెల్ చేయగలిగిన గొప్ప పని అదే. అలాంటివి ఇంకో ఇరవై తీయొచ్చు.

డాలస్అమ్మమ్మ (మంగళవారం ఉదయం 10:15)

నోట్‌బుక్ మొదటి పేజీ ఫొటో పెట్టాను. చేతిరాత అప్పటిది, ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.

నేనిప్పుడు చూసేది 'అమెరికా సేస్'. వాక్యంలో ఖాళీలు ఉంటాయి, మొదటి అక్షరాలు ఇస్తారు, ముప్పై సెకన్లలో నలుగురూ కలిసి నింపాలి. మా అల్లుడు కేబుల్ తీసేద్దామంటే నేనే వద్దన్నాను. ఫ్యూడ్ మధ్య మధ్యలో వస్తుంది ఇది, కాచుకుని కూర్చోవాలి. గోదారిగట్టు బాబు హోటల్లో ఇంకో గంట ఆగి ఉంటే కనిపించేదేమో.

రాత్రిషిఫ్ట్ (మంగళవారం ఉదయం 11:00)

అమ్మమ్మ గారూ, 'పోకర్ ఫేస్' అనే మాట కూడా మీ పేజీలో ఉంది! దాని పక్కన 'మొహంలో ఏమీ పడనీయకుండా ఉండుట' అని రాశారు. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

గోదారిగట్టు (శనివారం మధ్యాహ్నం 3:30)

వారం ఆలస్యమైంది. కారణం ఉంది.

లార్సన్ వీసీఆర్ సంగతి చదివాక గుర్తొచ్చింది. 1999లో పండక్కి నాన్నగారు వచ్చినప్పుడు ఆయన కోసం నేనూ ఒక టేపు రికార్డు చేశాను. బేస్‌మెంట్లో వెతికితే దొరికింది. తెలిసినవాళ్ల దగ్గర వీసీఆర్ తెచ్చి ఈ పొద్దున పెట్టాను. మొదట్లో గీతలు, తర్వాత బొమ్మ నిలిచింది. 'వాట్స్ మై లైన్?' రెండు ఎపిసోడ్లు, మధ్యలో 'మ్యాచ్ గేమ్' సగం. జీన్ రేబర్న్ చేతిలో ఆ సన్నటి పొడవాటి మైకు. రిటైరైన తాసీల్దారు మా నాన్నగారు ఆ మైకు చూసి, "ఏవిట్రా, చేపలు పట్టే గాలం పట్టుకున్నాడు" అన్నారు అప్పుడు.

టేపు మీద స్టిక్కర్ ఉంది. నాన్నగారి అక్షరాలు. 'రాత్రి ఆట, చెరపవద్దు.'

యాంటెన్నా ఆర్డర్ పెట్టాను. పాతరేడియో గారూ, బజర్‌లో ప్యానెల్ షోలు మీ వైపు ఏ టైంకి వస్తున్నాయో చెప్పగలరా?